బావ బండి ఇరుసు

నరసరావుపేట,
14-6-1945

అక్కకు మన్సూర్ సలాం.

ఇక్కడ నేనూ, జీనత్, పిల్లలూ బాగున్నాం. బాగున్నామని రాయడమే గాని ఎండకు వేగిపోతున్నాం. మృగశిర వచ్చినా చినుకు లేదు. చిన్నవాడికి ఒళ్లంతా సెగ్గడ్డలు. మీ అత్తమ్మ కళ్లు ఎలా ఉన్నాయి? చలికాలం రాగానే శుక్లాలు తీయిద్దాం, ఒకసారి ఇక్కడికి తీసుకురా.

నా బాడుగ మోటారు బండి సంగతి చెబితే నవ్వుతావు. వెనక చక్రాన్ని తిప్పే ఇరుసు అరిగిపోయింది. చక్రం పట్టుకునే చోట గాడి మొత్తం తినేసింది. గేరు వేస్తే ఇరుసు వెంటనే తిరుగుతుంది, చక్రం మాత్రం కాసేపు ఆలోచించుకుని తిరుగుతుంది. మధ్యలో టక్కుమని ఒక చప్పుడు. మొన్న పిడుగురాళ్ల దగ్గర పెళ్లివారిని ఎక్కించుకుని పోతుంటే చక్రం తిరగడం మానేసింది. పెళ్లికొడుకు దిగి బండి తోశాడు. మా మెకానిక్ అంతోని కొబ్బరినూనె డబ్బా రేకు కత్తిరించి, గాడిలో చుట్టి దిగ్గొట్టాడు. అది నాలుగు బేరాలకే నలిగి పిండయింది. కమ్మరి చేత కొత్తది కొట్టిస్తే వంగిపోయింది. మద్రాసులో అడిగిస్తే యుద్ధం అయ్యేదాకా సామాను రాదన్నారు. దొంగచాటుగా దొరికేది కొనాలంటే బండే అమ్ముకోవాలి.

అక్కా, అసలు సంగతికి వస్తాను. ఈ మాట నీ ఎదుట నిలబడి చెప్పే ధైర్యం లేక ఉత్తరం రాస్తున్నాను. ఇంతకు ముందే మొదలుపెట్టి చింపేశాను కూడా. బావ బండీ నా బండీ ఒకే షావుకారు దగ్గర కొన్న జోడు బండ్లు. బావ పట్టాళంలో డ్రైవరుగా చేరి మలయా పోయే ముందు దాన్ని షెడ్డులో రాళ్ల మీదికి ఎక్కించి పోయాడు, అలాగే ఉంది. ఆయన దగ్గర్నుంచి ఉత్తరాలు ఆగి మూడేళ్లు దాటింది. ఆ బండికి ఇక ఇరుసుతో పని లేదు కదా అక్కా. నువ్వు తెలివైనదానివి, ఇంతకంటే నా చేత రాయించకు. అత్తమ్మకు నువ్వే మెల్లిగా చెప్పు. ఆ పెద్దప్రాణం తట్టుకోలేదనుకుంటే అసలు చెప్పొద్దు.

గుంటూరు సోల్జర్ల ఆఫీసులో బావ గురించి కనుక్కోమన్నావు. అది ఉత్తరంలో రాసే సంగతి కాదు. కలిసినప్పుడు చెబుతాను.

నీ తమ్ముడు,
మన్సూర్

గురజాల,
19-6-1945

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. అర్థమయింది. రాయడానికి నువ్వెంత అవస్థ పడ్డావో చూస్తూనే తెలిసింది.

ఇరుసు తీసుకో. ఇంకేమైనా పనికొస్తే అదీ తీసుకో. నువ్వన్నట్టు ఆ బండికి ఇక దానితో పని లేదు.

అంతోనిని పంపు. నువ్వు మాత్రం రావద్దు. నిన్ను చూస్తే నేను ఆగలేను. నేను ఆగలేకపోతే అత్తమ్మ పసిగడుతుంది. ఆవిడతో ఏమీ చెప్పలేదు, చెప్పను. ప్రతి శుక్రవారం తడుముకుంటూ షెడ్డులోకి పోయి కొడుకు బండి తుడిచి వస్తుంది, నీకు తెలుసు కదా. ఇరుసుకు కందెన పెట్టడానికి తీసుకుపోతున్నారని చెబుతాను.

కలిసినప్పుడు చెబుతానన్నది కూడా చెప్పనక్కర్లేదు. ఎప్పటికీ చెప్పొద్దు.

గేదె ఈనింది. పెయ్యదూడ. పిల్లలకు జున్ను పంపుదామనుకున్నాను, ఓపిక లేకపోయింది.

సాబిరా

నరసరావుపేట,
6-7-1945

అక్కకు మన్సూర్ సలాం.

నీ ఉత్తరం చదివి సిగ్గుతో చచ్చాను. ఇరుసు అడిగితే నీకింత కోపం వస్తుందనుకోలేదు. ‘ఇంకేమైనా పనికొస్తే అదీ తీసుకో’ అన్నావే, ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకున్నా ఇరుసు మాత్రం తెప్పించుకున్నాను, నా సిగ్గు ఏపాటిదో చూడు. బండి ఇప్పుడు వెన్నలా పోతోంది. మాచర్ల దాకా పోయి వచ్చాను, ఒక్క చప్పుడు లేదు. ఎక్కిన ప్రతివాడూ బండి కొత్తదా అని అడుగుతున్నాడు. అడిగినప్పుడల్లా బావ మొహం గుర్తొస్తుంది. మా పాత ఇరుసునే బావ బండికి తొడిగించాను, చక్రం వేలాడకుండా నిలబడుతుంది. చూసేవాళ్లకు తేడా తెలియదు.

నాకింకో దిగులు పట్టుకుంది. అంతోని వచ్చి చెప్పాడు. “అన్నా, అక్క ఒక్క మాట మాట్లాడలా. తలుపు చాటు నుంచి తాళం అందించింది. చేతులకి గాజుల్లేవన్నా, చానా బోసిగా ఉన్నయ్” అన్నాడు. చిట్లిపోయి ఉంటాయి, తెచ్చిపెట్టే దిక్కు లేక ఊరుకుని ఉంటావనుకున్నాం. ఇరుసు కోసం నాకు నీ ఇల్లు గుర్తొచ్చింది, గాజుల కోసం నీకు తమ్ముడి ఇల్లు గుర్తు రాలేదా అక్కా? రంజాన్ దగ్గరికొస్తోంది. జీనత్ బజారుకు పోయి, “వదిన చేతులు నిండుగా ఉండాలి” అని పచ్చగాజులు ఏరి తెచ్చింది. ఈ ఉత్తరం తెచ్చే మనిషి చేతే పంపుతున్నాం. వేసుకో.

ఎన్నాళ్లని అలా ఒంటరిగా కూర్చుంటావు? మాచర్లలో పత్తి వ్యాపారి ఒకాయన ఉన్నాడు, మనవాడే, నా బండికి ఖాయం బేరం. భార్య పోయింది, ఇంట్లో ఆడదిక్కు లేదు, చిన్నపిల్లలు. నీ గురించి చెప్పాను. నీ చేతి కుట్టు ఎంత బాగుంటుందో కూడా చెప్పాను. చానా సంతోషించాడు. నువ్వు ఊఁ అంటే మిగతాది నేను మాట్లాడతాను.

నీ తమ్ముడు,
మన్సూర్

గురజాల,
12-7-1945

మన్సూరుకు,

ఒరేయ్, నీకు గుండె ఉండాల్సిన చోట ఏముందిరా?

మొగుడు పోయాడని తెలిసి నెల కాలేదు. నీ ఉత్తరం అందిన పూటే గాజులు రాతికేసి కొట్టుకున్నాను. నల్లపూసలు తీసి పెట్టెలో పెట్టాను. ఇద్దత్‌లో కూర్చున్నాను. గడువు తీరేదాకా గడప దాటకుండా, పరాయి మగవాడి కంటపడకుండా, అత్తమ్మకు వినపడకుండా దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాను. నాకు పచ్చగాజులు పంపుతావా? పైగా పెళ్లాం పోయిన మాచర్ల వాడికి నా సంగతి చెప్పావా? వాడు సంతోషించాడా?

నువ్వు ఇరుసు అడిగినప్పుడు నేనేమనుకున్నానో తెలుసా? పాపం నా తమ్ముడు ఆ కబురు మొహాన చెప్పలేక బండి వంక పెట్టి చెప్పాడు అనుకున్నాను. ఆయన తిరిగొచ్చేవాడే అయితే ఆయన బండి విప్పుతానని నువ్వు అంటావా? సోల్జర్ల ఆఫీసులో ఏం చెప్పారో ఉత్తరంలో రాయలేనన్నావు. అంతకంటే ఏం కావాలి? నీ కోసం కూడా ఏడ్చానురా. అంత కబురు ఒక్కడే మోసుకుని గుంటూరు నుంచి ఎలా వచ్చాడో అని.

గాజులు కుడితి తొట్టిలో పారేద్దామనుకున్నాను, చేతులు రాలేదు. అటక మీద పెట్టాను. ఎవరినైనా పంపి తీసుకుపో. మీ జీనత్‌నే వేసుకోమను.

సాబిరా

నరసరావుపేట,
18-7-1945

అక్కా,

నీ ఉత్తరం బస్టాండులో అందింది. చదివి బండి పక్కన మట్టిలోనే కూర్చుండిపోయాను. అంతోని నీళ్లు తెచ్చి మొహాన కొట్టాడు.

బావ పోయాడని నాకెవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పలేదక్కా. నేను ఇరుసు అడిగాను. వట్టి ఇరుసే అడిగాను. ఎదురుగా చెప్పే ధైర్యం లేదన్నది అడగడానికి సిగ్గేసి. అత్తమ్మ తట్టుకోలేదన్నది కొడుకు బండి విప్పితే బాధపడుతుందని. నేను రాసిన ప్రతి మాటా నాకు గుర్తుంది, ఇప్పుడు ఒక్కొక్కటీ నీ కళ్లతో చదువుకుంటున్నాను.

ఇంకా నీచమైనది ఒకటుంది. సోల్జర్ల ఆఫీసుకు నేను వెళ్లనే లేదు. గుంటూరు బేరం వచ్చినప్పుడల్లా ఇవాళ వెళదామనే అనుకునేవాణ్ణి. ఇంతలో తిరుగు బేరం తగిలేది, వచ్చేసేవాణ్ణి. నువ్వు అడిగితే ఏం చెప్పాలో తెలియక కలిసినప్పుడు చెబుతానని దాటేశాను. చెప్పొద్దని నువ్వు రాస్తే, హమ్మయ్య, అక్క వదిలేసింది అనుకున్నాను. నువ్వు దుప్పటి కప్పుకుని ఏడుస్తున్న రోజుల్లో నేను హమ్మయ్య అనుకున్నాను.

రైలెక్కి నీ దగ్గరికి వచ్చేద్దామని స్టేషను దాకా పోయాను. టిక్కెట్టు కొన్నాక కాళ్లు రాలేదు. నీ బోసి చేతులు చూసే ధైర్యం నాకు లేదు. ఎదురు దిక్కు రైలెక్కి గుంటూరు పోయాను. ఆఫీసులో బావ పేరు చెప్పి గంటల తరబడి కూర్చున్నాను. పోయినవాళ్లలో బావ పేరు లేదు. బతికున్నట్టు కూడా కబురు లేదు. జపాను వాళ్లకు చిక్కి ఉండవచ్చు, యుద్ధం అయితేగాని తెలియదు అన్నారు. అంతే అక్కా. మూడేళ్ల కిందట ఎంత తెలుసో ఇప్పుడూ అంతే.

మాచర్ల ఆయనకు కావలసింది పిల్లల గౌన్లు కుట్టే మనిషి. ఆ దేవుడి తోడు, అంతకు మించి నా మనసులో లేదు.

గాజులు వేసుకో అక్కా. నీ కాళ్లు పట్టుకుంటాను. వేసుకున్నానని ఒక కార్డు ముక్క రాయి.

మన్సూర్

గురజాల,
25-7-1945

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. తిట్టాలని మళ్లీ మళ్లీ కూర్చున్నాను. తిట్లు రాలేదు.

నీకొకటి చెబుతాను, జీనత్‌తో కూడా అనకు. ఆయన పోయాడనుకుని కొన్నాళ్లు కుళ్లి కుళ్లి ఏడ్చాను. ఆ తర్వాత ఒక రోజు నిద్ర పట్టింది. ఆయన పట్టాళానికి పోయినప్పటి నుంచీ ఎరగని నిద్ర. పోస్టు బంట్రోతు సైకిలు గంట మోగితే లేచి గుమ్మంలోకి పరిగెత్తనక్కర్లేకపోయింది. అన్నం తింటే అన్నం రుచి తెలిసింది. ఆయన గళ్ల చొక్కా, మంచి పంచె తీసి మా చాకలి ఆరోగ్యమ్మ కొడుక్కి ఇచ్చేశాను. ఇప్పుడు ఆ చొక్కా మా వీధిలోనే అటూ ఇటూ తిరుగుతోంది. అది కనపడితే తలుపు వేసుకుంటున్నాను.

నీది తప్పేరా. కాదనను. నాది తప్పు కాదా? ఎవరో ఒక ఇనప కడ్డీ అడిగారని మొగుణ్ణి పాతిపెట్టేసిన దాన్ని నేను. ఒక్క కార్డు రాసి ‘ఆయన పోయాడా?’ అని నిన్ను అడగలేకపోయానా? అడగలేదు. ఎందుకు అడగలేదో తల్చుకుంటే భయమేస్తుంది. ఎదురుచూసి ఎదురుచూసి విసిగిపోయి, ఏదో ఒకటి తేలిపోతే చాలని లోపల్లోపల ఉందేమో.

అత్తమ్మకు చూపు లేదు కదా, ఏమీ తెలియదనుకున్నాను. నీ ఉత్తరం పట్టుకుని ఆవిడ పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఆవిడ నా మణికట్టు తడిమి ఏమందో తెలుసా? “నీ గాజుల చప్పుడు ఆగిపోయిన్నాడే నాకు తెలిసిందే. ఏందని అడిగితే నిజమైపోద్దని అడగలా” అంది. ఇద్దరం ఒక ఇంట్లో ఉంటూ ఒకరికి తెలియకుండా ఒకరం ఏడ్చాం.

గాజులు ఇప్పుడే వేసుకోను. పోయాడనుకుని ఏడ్చిన మనిషి కోసం మళ్లీ ఎదురుచూడటం నువ్వు రాసినంత తేలిక కాదు. నీ అరిగిన ఇరుసు తీసేసి ఆయన ఇరుసు ఆయన బండికి బిగించు. వస్తే తోలుకోవడానికి బండి ఉండాలి. ఆ బండి మనిషి కోసం ఎదురుచూస్తున్నట్టు కనపడితే నేనూ చూస్తాను.

నీ బేరాలు పోతాయని తెలుసు. తెలిసే అడుగుతున్నాను.

సాబిరా

నరసరావుపేట,
24-8-1945

అక్కకు మన్సూర్ సలాం.

ఇరుసు బిగించి వచ్చానని అంతోని చెప్పాడు. నేను రాలేదని కోపం వద్దు. చెప్పులు వేసుకుని గుమ్మం దాకా వచ్చాను, అంతోని వెంట బయలుదేరుదామనే. చెప్పులు విప్పేసి లోపలికి పోయాను.

“అక్క కడదాకా షెడ్డు తలుపు వెనకాలే నిలబడి చూసిందన్నా. ఆఖరి నట్టు కాడ, ఇంకొంచెం బిగించు అంతోనీ అంది. చేతులు కొంగు కింద పెట్టుకుంది, కనపడలా” అన్నాడు. వాడికి నీ చేతులు చూసి రమ్మని నేనే చెప్పి పంపాను. ఏం చేయను?

నా బండి ఇప్పుడు రాళ్ల మీద ఉంది. నేను జీతానికి బొగ్గు గ్యాసు బస్సు తోలుతున్నాను. పొద్దున్నే పొయ్యి రాజేసి, విసురుతూ విసురుతూ బండికి ప్రాణం పోయాలి. ఇంటికి పోతే చిన్నవాడు నన్ను గుర్తుపట్టక ఏడ్చాడు, అంత మసి. రోజా ఉండి ఆ సెగ దగ్గర నిలబడితే నాలుక పిడచకట్టుకుపోతుంది. ఇది నాకు కావలసిందేలే అనుకుంటే కొంచెం హాయిగా ఉంటుంది. ఆ హాయి కూడా తప్పేమో తెలియదు.

జపాను లొంగిపోయిందని ఊరంతా టపాకాయలు కాల్చారు. ఇక చెరలో ఉన్నవాళ్లను వదులుతారట. సోల్జర్ల ఆఫీసుకు వారం వారం పోతున్నాను, ఈసారి అబద్ధం కాదు. ఇంకా కబురు లేదు.

వేసుకున్నావా అక్కా? ఒక్క మాట రాయి.

మన్సూర్

గురజాల,
9-12-1945

చిరంజీవి తమ్ముడు మన్సూరుకు సాబిరా అక్క దీవెనలు.

మీ బావ వచ్చాడు.

మద్రాసు రేవులో ఓడ దిగి, రైళ్లు మారి, ఎవరికీ కబురు లేకుండా నడికుడి నుంచి రెండెడ్ల బండిలో వచ్చాడు. గుమ్మంలో నిలబడితే నేను గుర్తుపట్టలేదు. ఎవరో ముసలాయన నీళ్లు అడగడానికి వచ్చాడనుకుని చెంబు తెచ్చాను. “సాబిరా” అన్నాక తెలిసింది. అత్తమ్మ మొహమంతా తడిమి చూసి, “ఈ ఎముకల మూట నా కొడుకేందే?” అని, ఆ తర్వాత చేయి వదలలేదు. ఈపూట దాకా కూడా వదల్లేదు.

నీ ఉత్తరానికి ఇన్నాళ్లు జవాబు రాయకపోవడం తప్పే. ఏమని రాయను? ఇరుసు బిగించి అంతోని అటు వెళ్లగానే అటక మీది నీ పచ్చగాజులు తీసి వేసుకున్నాను. వేసుకున్నాను గాని నమ్మి వేసుకోలేదు. మాట అన్నాను గనక వేసుకున్నాను. ఆ చప్పుడు విని అత్తమ్మ ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నది. నాకు మాత్రం అబద్ధం ఆడుతున్నట్టే ఉండేది, ఆయన గుమ్మంలోకి వచ్చేదాకా.

కాస్త కోలుకున్నాక అత్తమ్మ భుజం పట్టుకుని షెడ్డులోకి పోయాడు. వెనక చక్రం దగ్గర వంగి చూసి, “నట్టుకు పిన్ను కొత్తది. ఎవరు విప్పారు?” అన్నాడు. తమ్ముడు శుభ్రం చేయించాడని చెప్పాను. సంతోషించాడు. నా గళ్ల చొక్కా ఏదని అడిగాడు. ఎలుకలు కొట్టాయని చెప్పాను. ఆ పూట ఆరోగ్యమ్మ ఇంటికి పోయి, పిల్లవాణ్ణి ఆ చొక్కా వేసుకుని మా వీధిన రావద్దని బతిమాలుకున్నాను. అడిగిన ప్రతిదానికీ నా దగ్గర ఒక అబద్ధం ఉంటోంది. అంతలేసి కష్టాలు పడి వచ్చిన మనిషికి.

అసలు సంగతి ఇది. చెరలో తిండి లేక ఆయన కాళ్లు చచ్చుపడ్డాయి. గిచ్చినా తెలియదు. డాక్టరు మెల్లిగా నడక వస్తుందన్నాడు గాని, బండి తోలడం ఇక లేదు. నీ బండి రాళ్ల మీద ఉందని ఎవరో చెప్పారట. నిన్న మధ్యాహ్నం అన్నం తింటూ, షెడ్డు వైపు చూసి, “ఆ బండికి ఇక ఇరుసుతో పని లేదు కదా, మన్సూరుకిచ్చెయ్” అన్నాడు.

నువ్వు రాసిన మాటేరా. ఒక్క అక్షరం తేడా లేదు. వడ్డిస్తున్న గరిటె చేతిలోంచి జారిపోయింది. “ఏందట్టా చూస్తావు?” అన్నాడు. చేయి కాలిందని చెప్పాను. పెరట్లోకి పోయి, ఇన్నాళ్లకు నోట్లో దుప్పటి కుక్కుకోకుండా ఏడ్చాను.

ఆయన బతికుండగా మనం ఒకసారి చంపుకున్నామని ఆయనకు తెలియకూడదు. నువ్వూ నేనూ అత్తమ్మా, ముగ్గురితోనే పోవాలి ఆ సంగతి. అంతోనిని కూడా నోరు మెదపొద్దని చెప్పు.

ఇరుసు తీసుకుపో. నీ బండి తిరగాలి, పిల్లలు తినాలి. అయితే ఈసారి అంతోని ఒక్కడినే పంపితే షెడ్డు తాళం ఇవ్వను. నువ్వు రావాలి. నా ఎదుట నిలబడి నోటితో అడగాలి, ఇరుసు కావాలక్కా అని.

వచ్చేటప్పుడు గాజులు తేవద్దు. ఉన్నవి చాలు.

మీ అక్క,
సాబిరా